నలభై ఒకటో మనిషి

బాబాయ్‌కి నమస్కారాలు.

ఉద్యోగం దొరికింది. చిన్న ఊళ్ళనుంచి ఈ నగరానికి ఏటా ఎంతమంది వలస వస్తారో ముందే అంచనా కట్టే ఆఫీసు. అక్కడి కూలి, ఇక్కడి జీతం, గది అద్దె, పని దొరికే అవకాశం అన్నీ ఒక సూత్రంలో వేస్తే సంఖ్య వస్తుంది. మన ఊరు నా వంతుకే వచ్చింది. ఈ ఏడు నలభై ఒక్కమంది. ఏడాది చివర లెక్క సరిపోతే నా ఉద్యోగం ఖాయం. తప్పితే పెట్టె సర్దుకోవడమే.

నీ అన్న కూతురు

తా.క.: ఎవరికీ చెప్పకు.

*

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

ఎవరికీ చెప్పలేదు, కటింగు షాపతనికి తప్ప. ఇప్పుడు ఆ నలభై ఒక్కమందీ ఎవరెవరో చెప్పమని జనం నా కుట్టుమిషను చుట్టూ మూగారు. కొలతలు తీసుకుంటూ ఒక్కొక్కరినీ అడుగుతున్నాను. పందొమ్మిది మంది సరేనన్నారు. పాలాయన తను రాలేనని భార్యను పంపుతానన్నాడు. నేనుండగా నీ ఉద్యోగం పోనిస్తానా?

మీ బాబాయి

తా.క.: పిల్లల్ని అరమనిషి కింద రాసుకుంటారా?

*

బాబాయ్,

కొంప ముంచావు! అది అంచనా. నువ్వు మనుషుల్ని తోలకూడదు, జీతం తేడా చూసి వాళ్ళంతట వాళ్ళే రావాలి. అయినా ఇక్కడికొస్తే ఏం ఒరుగుతుందని? నా గదిలో మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. జీతంలో సగం అద్దెకే. మొన్న ఆదివారం మొత్తం మీద నేను నోరు విప్పి అన్న మాట "చిల్లర లేదు" ఒక్కటే. సూత్రంలో దానికి గడి లేదు. ఈ ఉత్తరం అందరికీ చదివి వినిపించు.

నీ కూతురు

తా.క.: ఊరికే అడుగుతున్నా, ఇప్పటికి ఎంతమందయ్యారు?

*

అమ్మాయ్,

చదివి వినిపించాను. అద్దె సంగతి దగ్గర ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. అందుకని తలుపు సంగతి దాచేశాను. నలభైమంది బస్సెక్కారు. అందరికీ కొత్త చొక్కాలు, జాకెట్లు నేనే కుట్టాను. ఆ తర్వాత వచ్చిన పని ఒక్కటే, పాలాయన బొత్తాం. కుట్టే మనిషి ఇంట్లో లేదుగా! లెక్కకి ఇంకొక్కరే తక్కువ. బెంగపడకు, చూస్తాను.

మీ బాబాయి

తా.క.: కొన్నాళ్ళు ఉత్తరం రాకపోతే కంగారుపడకు.

*

బాబాయ్,

సరిగ్గా నలభై ఒకటి! ఆఫీసంతా చప్పట్లు. పెద్దాయన పిలిచి కుర్చీ చూపించాడు. సూత్రం ఇంత కచ్చితంగా ఉంటే పక్కన మనిషెందుకన్నాడు. రేపటి బస్సుకి వచ్చేస్తున్నాను. ఏడవలేదు, గది ఖాళీ చేసే హడావుడిలో తీరిక దొరకలేదు. షాపు వెనక గదిలో నా మంచం వాల్చు. రెండో మిషనుకి నూనె వెయ్యి. కాజాలు కుట్టడం మర్చిపోలేదు. ఈసారి నువ్వు తిట్టినా కదలను.

నీ కూతురు

తా.క.: ఆ నలభై ఒకటో మహానుభావుడెవరు? కనిపిస్తే దవడ పగలగొడతాను.

*

అమ్మాయ్,

నీ గది గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను. నీ లెక్కలో తగ్గిన ఆ ఒక్కడూ నేనే. నెలైంది వచ్చి, రెడీమేడ్ ఫ్యాక్టరీలో చేరాను. రోజంతా చొక్కాల ఎడమ చేతులే కుడతాను. కుడిచేతులు ఎవరు కుడుతున్నారో ఇంతవరకు తెలియదు. నీ ఉద్యోగం ఖాయమయ్యాక కనిపిద్దామని ఆగాను. నిన్ననే ఊరెళ్ళిపోయావని ఇంటావిడ చెప్పింది. వెంటనే రాలేను తల్లీ, ఏడాది పనిచేస్తానని సంతకం పెట్టాను.

మీ బాబాయి

తా.క.: షాపు తాళంచెవి నా జేబులోనే ఉండిపోయింది. ఉత్తరం షాపుకే రాస్తున్నాను. పోస్టతను తలుపు కిందనుంచి లోపలికి తోసేస్తాడు. తోసేలోపే అతని చేతిలోంచి లాక్కో.