నల్ల డబ్బా పట్టిన దొంగ

మా ఇంటావిడకి,

ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కదా, రాశాను. అందరం అంటే నేనూ, నీ గులాబీ కుండీలూ. మరదలి కాలికి కట్టు విప్పారని తెలిసి మనసు కుదుటపడింది. నడిచేటప్పుడు నీ భుజమే పట్టుకోమను. మా తోడల్లుడి భుజాన్ని నమ్ముకుంటే ఇద్దరూ కలిసి పడతారు.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవన్నీ చేస్తున్నాను. కుండీలకు నీళ్ళు పోస్తున్నాను, పడుకునే ముందు గ్యాస్ కట్టేస్తున్నాను, నీ సీరియల్ రోజూ రికార్డు చేస్తున్నాను. పెద్దకోడలు పాలల్లో కలిపింది విషమా, నిద్రమాత్రా అని అడిగావు. అదొక్కటి చెప్పలేను. ఎందుకో రాస్తాను, కంగారుపడకు. ఫోనులో అయితే పక్కన మరదలు వింటుందని కాగితం పట్టుకున్నాను.

నువ్వు నల్ల డబ్బా అనే ఆ హార్డ్ డిస్క్ రికార్డరుకు సొంత బుద్ధి లేదు కదా. వేళకి దానంతటది మొదలవుతుంది గానీ, పక్కనున్న కేబుల్ డబ్బా ఏ చానల్ చూపిస్తే అదే మింగి కూర్చుంటుంది. అందుకే పొద్దున్నే మందుల షాపులో పనికి బయల్దేరేముందు కేబుల్ డబ్బాను నీ చానల్లో పెట్టి, టీవీ మాత్రం కట్టేసి, తాళం వేసుకుని వెళ్తున్నాను.

మొన్నొక సాయంత్రం, సరిగ్గా రికార్డయిందో లేదోనని వేసి చూశాను. పెద్దకోడలు పాలగ్లాసు పైకెత్తింది. అంతలో చానల్ మారిపోయింది. ఇక చివరిదాకా వార్తలే.

కరెంటు పోయి వచ్చిందేమో అనుకున్నాను. కరెంటు పోతే బొమ్మ ఆగుతుంది గానీ వార్తలు రావు. ఎవరో రిమోట్ నొక్కాలి. తాళం వేసిన ఇంట్లో, పట్టపగలు, ఎవరో నా కుర్చీలో కూర్చుని టీవీ చూశారన్న మాట. బీరువా తీసి చూస్తే అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సింకులో మాత్రం టీ తాగిన కప్పు ఉంది, అడుగున ఇంకా తడి ఆరలేదు. మర్నాడూ అదే వరస. అప్పట్నుంచీ తలగడ కింద సుత్తి పెట్టుకుని పడుకుంటున్నాను.

పైవాటా టీచరమ్మను అడిగితే, కొత్తవాళ్ళెవరూ మెట్ల దగ్గర కూడా కనిపించలేదంది. తాళం పగలలేదు, వస్తువు పోలేదు, తెలిసినవాళ్ళ పనేనని తేల్చేసింది. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అన్నయ్యగారూ" అంది. ఇంట్లో ఉన్నదే నేనొక్కణ్ణి, ఇంక ఇంటి దొంగ ఎక్కణ్ణుంచి వస్తాడమ్మా అని నవ్వాను. ఆ రోజే తాళం మార్పించి, రెండు చెవులూ నా జేబులోనే వేసుకున్నాను.

మర్నాడు సాయంత్రం వచ్చేసరికి కొత్త తాళం వేసింది వేసినట్టే ఉంది. నల్ల డబ్బాలో మళ్ళీ వార్తలు.

ఇక్కడిదాకా గబగబా రాశాను గానీ, ఇక నీళ్ళు నములుతున్నాను. చెప్పేస్తాను.

చానల్ మారే ఆ ఒక్క చోటును మళ్ళీ మళ్ళీ వేసి చూశాను. రిమోట్ నొక్కితే తెర మూలన అంకెలు పడతాయి కదా, అవి కూడా రికార్డయ్యాయి. మొదట ముప్పై ఆరు పడింది. ఈ నెంబరులో చానల్ లేదని వచ్చింది. కాసేపాగి నాలుగు వందల పన్నెండు పడింది, వార్తలు వచ్చాయి. అన్ని రోజులవీ చూశాను. రోజూ ముందు ముప్పై ఆరే. కేబుల్ వాళ్ళు నెంబర్లు మార్చి ఇంతకాలమైనా వార్తల కోసం పాత నెంబరు నొక్కి, నాలిక్కరుచుకుని కొత్తది నొక్కేది ఎవరు? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని నువ్వు దెప్పేది ఎవరిని?

షాపులో కౌంటరు అమ్మాయిని, ఏదో మాటల్లో అడిగినట్టు, మధ్యాహ్నం నేను బయటికి వెళ్తున్నానా అని అడిగాను. ఆ పిల్ల నవ్వింది.

"రోజూ వెళ్తారుగా బాబాయ్. పిన్నిగారి సీరియల్‌కి డబ్బా ఆన్‌లో పెట్టానో లేదో చూసొస్తానంటారు. నిన్న కూడా వెళ్ళారు."

నాకు గుర్తులేదు. ఇంటికి రావడం, తాళం తీయడం, టీ కాచుకోవడం, తిరిగి వెళ్ళి కౌంటరులో నిలబడడం, ఒక్కటీ గుర్తులేదు. దొంగ అయితే నాకు ఇంత భయం ఉండేది కాదు. ఆ మతిలేని వేళ నేను ఎవరి చేతిలో ఏ మాత్ర పెట్టానో? బీపీ మాత్రలూ షుగరు మాత్రలూ పక్కపక్క అరల్లోనే ఉంటాయి. చీటీలన్నీ తిరగేశాను, తప్పు ఏదీ కనబడలేదు. అయినా చూపు ఆనడం లేదని ఓనరుతో అబద్ధం చెప్పి కౌంటరు మానేశాను. వెనక గదిలో పెట్టెలు సర్దుతున్నాను. డాక్టరు దగ్గరికి ఇంకా వెళ్ళలేదు. ఆయన చెప్పబోయే మాట నువ్వు పక్కన లేకుండా వినే ధైర్యం నాకు లేదు.

నల్ల డబ్బాలోవి ఏవీ చెరపలేదు. నువ్వూ చెరపకు.

మరదలు తన కాళ్ళమీద తను నడిచేదాకా అక్కడే ఉండు, నాకోసం తొందరపడకు అని రాసి ముగిద్దామనుకున్నాను. కవరు కోసం సొరుగు తెరిచాను. నీకు రాయడానికని కొని, ఇంకా విప్పనే లేదనుకున్న కవర్ల కట్ట విప్పి ఉంది. అందులో ఒకటి లేదు.

ఈ సంగతులన్నీ నీకు కొత్త అయితే నిదానంగా జవాబు రాయి. ఇదే ఉత్తరం ఇంతకుముందే ఒకసారి అంది ఉంటే మాత్రం, జవాబు రాయకు. బయల్దేరి వచ్చెయ్యి.

ఇట్లు,
మీ ఆయన