కోత పండుగ జొన్నలు

పాస్టరయ్యగారికి వందనాలు.

నిన్న చర్చిలో కోత పండుగకు మా అవ్వ తెచ్చిన జొన్నల సంచిని వేలంలో మన పాస్టరమ్మగారే పాడుకున్నరంట. అవి వండకుండ్రి. మోకిల దిక్కు ప్లాట్లు పడ్డప్పటినుంచి నెమళ్లన్నీ మా చేను మీదనే పడుతున్నవి. వాటి కోసం ఆ జొన్నల్లో పురుగుల మందు కలిపి కొట్టంలో దాచిన. తిడుతదని అవ్వకు చెప్పలేదు. దేవునికి మంచి గింజలే ఇయ్యాలని ఆమె అన్నిట్ల బాగున్న ఆ సంచే ఎత్తుకొచ్చింది.

ఎంత కడిగినా ఆ మందు పోదు. ఫారెస్టోళ్లకు మాత్రం చెప్పకుండ్రి, నన్ను జైల్ల పెడుతరు.

ఫోన్ ఎత్తుతలేరని నేనే వచ్చిన. తాళం ఉన్నది. తలుపు సందుల పెడదామని గడప మీద కూర్చొని ఇది రాస్తున్న. మీ కోళ్లన్నీ నీళ్ల తొట్టి చుట్టూ పడి ఉన్నవి. మీరు ఊరికి పోయిండ్రా, చేవెళ్ల దవాఖానకు పోయిండ్రా, ఎవరినడిగినా తెల్వదంటున్నరు.