మూడో చరణం వరస

మాస్టారూ,

మీరు పోయి నిన్నటికి ఏడాది. అరసవల్లిలో మీ వరండాలోనే మీ శిష్యులం నలుగురం కూర్చుని, మీరు కట్టిన పాటలన్నీ వాయించాం. వయొలిన్, హార్మోనియం, మృదంగం, క్లారినెట్టు అన్నీ మీరు నేర్పినవే.

నాగావళి పాట దగ్గరే ఆగిపోయాం. మీ నోటుపుస్తకంలో మూడో చరణానికి మాటలున్నాయి గానీ స్వరాలు లేవు. ఆసుపత్రికి వెళ్లే తొందరలో రాయలేదేమో. రెండో చరణం వరసే దానికీ పెట్టేద్దామన్నాను నేను.

కాఫీ గ్లాసులు తెస్తున్న అమ్మగారు గుమ్మంలోనే ఆగారు.

"అది కాదర్రా. మూడోదాని వరస యేరేగుంటాది."

"మీకెలా తెలుసమ్మా?"

"మీ మాస్టారు రోజూ గెడ్డం గీసుకుంటా పాడేవోరు కదేటి? నాను వంటింట్లోంచి ఇనీదాన్ని. నాకూ నేర్పమని ఓపాలి అడిగితే నవ్వేసినారు."

పళ్లెం కిందపెట్టి, నిలబడే పాడారు. నది సముద్రంలో కలిసే మాట దగ్గర వరస పైకి లేస్తుందనుకున్నాం. అది మెల్లగా కిందికి దిగింది. ముమ్మాటికీ మీ వరసే. ఊరందరికీ సంగీతం చెప్పిన మీరు ఈ గొంతును ఒక్కసారైనా విన్నారో లేదో, నాకు తెలియదు.

స్వరాలు రాసుకుంటానని కలం తీశాను.

"రాత తరవాత, ముందు పాడు" అన్నారావిడ.

పాడాను.

"తొందరపడకు. మళ్లీ."

నలుగురం వాయిద్యాలు పక్కన పెట్టి, ఆవిడ ముందు నేలమీద కూర్చున్నాం.

మీ
సరోజిని