గోడవార పక్క

ప్రేమగల కాశింబీ అక్కకు,

నీ చెల్లెలు మాబున్నీ సలాం చెప్పి రాస్తాండేది. ఈడ నేను బాగుండా. నువ్వు, బావ, పిల్లోళ్లు బాగుండారని తలుస్తాండా. నీ ఫోన్ ఇంట్లో అందరి చేతుల్లో తిరుగుతాది. అందుకే ఈ సంగతి కాగితం మీద రాసి, సెలవు మీద ఊరికి వస్తాండే మస్తాన్ వలీ చేతికిచ్చినా. చదివినాక చింపెయ్యి.

ఈ సౌదీలో, అభాలో కొండ మీద ఇండ్లు దూరం దూరంగా ఉంటాయని చెప్పినా కదా. పోయిన నెల మా పక్కింట్లో దొంగలు పడినారు. మా ఇంటాయనకు, మేము బాబా అంటాం, జెద్దాలో ఉద్యోగం, శుక్రవారానికి వచ్చి పోతాడు. మిగతా రోజులు ఇంట్లో ఉండేది మామా అని మేము పిలిచే ఆయన పెండ్లాం, ఆమె చంటిబిడ్డ, పనికి నేనూ సల్మా. సల్మా బంగ్లాదేశ్ పిల్ల. కొత్తగా వచ్చింది, నాకంటే చానా చిన్నది.

దొంగల భయంతో బాబా తన నాయన కాలం రివాల్వర్ బయటికి తీసినాడు. లైసెన్సుంది. కాల్చేది మామాకు నేర్పిస్తానన్నాడు. తూటాలు కొనేదానికి అందరం కార్లో పోయినాం. బిడ్డను ఎత్తుకునేదానికి నన్నూ తీసుకుపోయినారు.

అంగడాయన రెండు రకాలు గాజు బల్ల మీద పెట్టినాడు. ఒకదాని ముక్కు గుండ్రంగా, నున్నగా ఉండాది. ఇంకోదాని ముక్కులో గుంత. గుంతది మనిషికి తగిలితే విచ్చుకొని లోపలే నిలబడిపోతాదంట. నున్నది మనిషిలో దూరి, అవతలి గోడలో నుంచి కూడా పోతాదంట. "ఇంటికైతే గుంతదే తీసుకో" అని ఆయన చెప్పినాడు. అది కాలిస్తే చెయ్యి కొంచెం గట్టిగా ఎగురుతాదని కూడా చెప్పేసరికి మామాకు భయమేసింది. నున్నవే కావాలనింది. అప్పుడు అంగడాయన బాబాను అడిగినాడు, "మీ హాలు గోడ అవతల ఎవరైనా పండుకుంటారా?"

"ఎవరూ లేరు. సామాన్ల గది" అని, బాబా నున్నవే కొన్నాడు.

అక్కా, ఆ సామాన్ల గదిలోనే మేము పండుకునేది. హాలుకూ దానికీ నడమ ఉండేది ఉత్త జిప్సం పలక. నేను బిడ్డనెత్తుకొని బాబా పక్కనే నిలబడుండా. నాకు అరబ్బీ అర్థమవుతాదని ఆయనకు తెలుసు. నా మొగం కాలిపోయింది. "మేముండాం బాబా" అందామనుకున్నా. ఎదురు మాట్లాడితే ఇంటికి పంపిస్తారేమోనని గమ్మునుండా.

ఇంతవరకే అయితే నీకు రాసేదాన్ని కాదు. ఇట్లాంటివి మింగేది మనకు అలవాటే. ఇంక చెప్పాల్సింది నేను చేసిన పని.

మా గదిలో ఆ పలక గోడవార పక్క నాది. సల్మాది కిటికీ కింద. ఆ సాయంత్రమే నేను సల్మాతో, "కిటికీ కింద చలి. నీకు దగ్గొస్తాది. నా జాగాలో పండుకో" అన్నా. ఆ పిల్ల నా చెయ్యి తీసుకొని కండ్లకద్దుకునింది. వాళ్లమ్మకు ఫోన్ చేసి నన్ను చూపించింది. ఆమె వచ్చీరాని హిందీలో, "నా బిడ్డకు ఆడ నువ్వే అమ్మవు" అని ఏడ్చింది. నేను తల ఊపినా. అక్కా, నేను తల ఊపినా.

రోజూ పొద్దున లేస్తానే, అక్కను పిలిచినట్టు "ఆపా, ఈడ వెచ్చగా ఉంది" అంటాది సల్మా. ఆ మాట వినినాక నాకు కూడు దిగదు. బాబా నన్ను మనిషిని అనుకోలేదని కుమిలిపోయినదాన్ని, మరి నేను సల్మాను ఏమనుకున్నా? తిట్టాలనుకుంటే తిట్టు. నీ తిట్లయినా నాకు కావాల.

నీ చెల్లెలు,
మాబున్నీ

*

మాబున్నీకి అక్క రాసేది.

నీ ఉత్తరం చదివినా, చింపినా. నీ జాగాలో నేనుండినా అదే పని చేసుంటానేమో. అట్లని అది తప్పు కాకుండా పోదు. నువ్వు కూడు మానేస్తే ఆ పిల్లకేమి లాభం?

గోడవార నువ్వు పండుకోవాల్నా, ఆ పిల్ల పండుకోవాల్నా అని చూసినావే గానీ, ఆ తూటాలే ఇంట్లో వద్దని ఎందుకు అడగలేదు? ముందు సల్మాకు నిజం చెప్పు. తర్వాత మీ బాబాను అడుగు. పంపించేస్తే వచ్చెయ్యి. మేము తినేదాంట్లోనే నీకూ పెడతాం. మీ బావకు ఈ సంగతి చెప్పలేదు, చెప్పను.

మీ అక్క,
కాశింబీ

*

అక్కా,

నీ ఉత్తరం అందినాక రెండు పనులూ చేసినా. ఎట్లయిందో రాస్తాండా.

ముందు సల్మాకు చెప్పినా. ఇద్దరం వంటింట్లో బియ్యం కడుగుతా ఉండాం. అంతా వినింది.

"నీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"తెలుసు."

"తెలిసే నన్ను ఆడ పండుకోమన్నావా?"

అవునన్నా. ఆ పిల్ల చేతులు తుడుచుకొని పోయి, తన బొంత కిటికీ కిందికి లాక్కునింది. నేను మళ్లా గోడవారే పరుచుకున్నా.

శుక్రవారం బాబా అన్నం తిన్నాక, చాయ్ పెట్టి అట్లే నిలబడినా. "బాబా, ఆ గోడ అవతల సామాన్లే కాదు, మేమూ పండుకుంటాం" అన్నా. "అంగట్లో మాటలన్నీ వినినావా?" అని మామా నా మీదికి లేచింది. బాబా ఆమెను ఆపి, లేచి మా గదికి వచ్చినాడు. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆయన ఆ గదిలో కాలు పెట్టింది లేదు. పలక మీద వేలితో కొట్టినాడు. డొల్లగా పలికింది. కింద పరిచిన నా పక్క చూసినాడు.

"ఆ రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు" అన్నాడు.

"ఉన్నా బాబా."

ఆయన చెవులు ఎర్రబడినాయి. ఇంక తలెత్తి నా మొగం చూడలేదు.

మర్నాడు నన్నూ తీసుకొని అదే అంగడికి పోయినాడు. నున్నవి తీసి బల్ల మీద పెట్టి, "గోడ అవతల ఇద్దరు మనుషులున్నారు. ఇవి మార్చి గుంతవి ఇయ్యి" అన్నాడు. అంగడాయన ఆయన్నీ చూసినాడు, నన్నూ చూసినాడు. "జిప్సం పలకను గుంతవి కూడా దాటుతాయి. జోరు కొంచెం తగ్గుతాది, అంతే. తూటాలు మార్చుకో, ఇస్తా. కానీ ముందు మనుషుల్ని ఆ గదిలో నుంచి మార్చు" అన్నాడు. నువ్వూ నేనూ తూటాలు మారిస్తే చాలనుకున్నాం కదక్కా.

బాబా రెండూ చేసినాడు. మేడ మీద చుట్టాల కోసం పెట్టుకున్న ఇటుక గోడల గది మాకిచ్చినాడు. మామా మొగం ముడుచుకొని ఉండాది గానీ, నన్ను పంపించెయ్యలేదు.

సల్మా మాత్రం నన్ను ఆపా అనేది మానేసింది. పని మాటలు తప్ప వేరే మాట లేదు. నిన్న వాళ్లమ్మ ఫోన్ చేసింది. వాళ్ల భాష నాకు రాకపోయినా, ఆమె నన్ను గురించే అడుగుతాందని తెలిసింది. సల్మా నవ్వు మొగంతో ఆపా, ఆపా అంటా ఏదో చెప్పింది; నేను బాగా చూసుకుంటాండానని చెప్పినట్టు అర్థమైంది. ఫోన్ పెట్టేసినాక, "ఎందుకట్ల చెప్పినావు?" అని అడిగినా.

"నిజం చెప్తే మా అమ్మకు నిద్ర పట్టదు. నీకోసం చెప్పలేదు" అనింది.

ఆ పిల్ల కోప్పడి రెండు దెబ్బలు కొట్టినా నాకు ఇంత సిగ్గు ఉండేది కాదు. తడిబట్టల బకెట్ ఎత్తుకొని మేడ మీదికి పోయింది. ఇంకో బకెట్ నేను ఎత్తుకొని వెనకాలే పోయినా. వద్దనలేదు. తాడుకు ఒక కొస నుంచి అది, ఇంకో కొస నుంచి నేను ఆరేసుకుంటా వచ్చినాం.

నీ చెల్లెలు,
మాబున్నీ