ఐసులో పెట్టిన గాజు గొట్టం

సరూర్‌నగర్,
ఆదివారం సాయంత్రం.

అమ్మకు చిన్నకొడుకు భిక్షపతి దండం పెట్టి రాసేది. ఇక్కడ మనుషులమంతా బాగానే ఉన్నాం. పశువుల సంగతి కింద రాస్తాను. నల్లగొండలో నీ కంటి కట్టు విప్పారని నీ దగ్గరున్న చెల్లె రోహిణి చెప్పింది. ఇక కోడళ్ల వంకలు ఇంకా తేటగా కనపడతాయి, సంతోషం.

నవాబు దాణా తింటున్నాడా అని అడిగించావు. తింటున్నాడు. తల్లి చచ్చిన దుడ్డెకు సీసాతో పాలు పట్టావు, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లరంత దున్నపోతయ్యాడు. కానీ అమ్మా, వాడు దాటిన మూడు బర్రెలూ చూలు నిలవక మళ్లీ ఎదకొచ్చాయి. అన్నకు అనుమానమొచ్చి ఎల్బీనగర్ పశువుల డాక్టరమ్మను పిలిపించాడు. ఆమె నవాబు వీర్యం చిన్న గాజు గొట్టంలో పట్టి, గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కులో పెట్టి, "పాడవకుండా నా వెనకే తీసుకురండి" అని స్కూటీ ఎక్కింది. తీసుకుపోయాను. మైక్రోస్కోపులో చూసి, "ఒక్క కణం కూడా కదలట్లేదండీ. ఒక్కసారికే తేల్చకూడదు, ఇంకోసారి చూద్దాం" అంది.

అన్న వింటాడా? "ఇంకేం జూసుడు మేడమ్? గింత తిని గిదేంది?" అని కసాయికి మాటిచ్చేశాడు. రేపు పొద్దున వ్యానొస్తుంది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను, తిట్టకు. మధ్యాహ్నం డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆ కణాలు ఎందుకు చస్తాయని అడిగాను. "ఎండకీ, జ్వరానికీ... పట్టిన తర్వాతైతే చలికి చచ్చిపోతాయి. అందుకేగా ఫ్లాస్కు ఇచ్చింది!" అంది. నేను చేసింది చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను. పాలమ్మే ఇంట్లో పుట్టినోణ్ణి, పాడవకుండా అంటే నాకు తెలిసింది ఐసే కదా! దారంతా ఆ గొట్టాన్ని పాల డబ్బా ఐసులో గుచ్చి తీసుకుపోయాను. ఆమె గడప దగ్గర మళ్లీ ఫ్లాస్కులో వేశాను. నవాబుకు రోగముందో లేదో నాకు తెలియదు. వాటిని చంపింది మాత్రం నేనే కావచ్చు.

డాక్టరమ్మ మళ్లీ ఫోనెత్తడం లేదు. అన్నకు చెబితే నవ్వాడు. "బాలాపూర్ గణేశ్ లడ్డు వేలంల నీ పేరు మీద పాడిన అని నన్ను ఉరికించినోనివి. గిప్పుడు ఐసా? పోరా, నవ్వు రాలె!" రోహిణి నా గొంతు వినగానే ఫోన్ పెట్టేస్తోంది. కాగితం మీద నేనెప్పుడూ పరాచికాలాడలేదు, రాయడమే నాకు కష్టం. అందుకే ఇది రాసి ఫొటో తీసి పంపుతున్నాను. రోహిణీ, చదివి వినిపించు తల్లీ.

అమ్మా, అన్న నీ మాటొక్కటే వింటాడు. ఇంకోసారి పరీక్ష చేయించేదాకా ఆగమని చెప్పు. ఇదివరకు నీ మీద ఎన్ని ఒట్లు వేశానో, అన్నీ నవ్వులాటకే. ఈసారి వేయను. నవాబు మెడతాడు నా నడుముకు కట్టుకుని కొట్టంలో కూర్చున్నాను. వాడికేం తెలుసు, నా చెవి నాకుతున్నాడు.

ఇట్లు,
ఈ ఒక్కసారి నిజం చెబుతున్న
నీ చిన్నకొడుకు.