గుంతలో తగిలిన దెబ్బ

పంజాగుట్ట,
18 నవంబరు 2024.

అత్తమ్మకు మీ కోడలు మానస దండం పెట్టి రాస్తున్నాను.

మీరు, మామయ్య బాగున్నారని తలుస్తాను. ఎవరిదో బండి మీద నుంచి పడ్డానని ఆయన మీకు ఫోన్లో చెప్పారు. అది నిజం కాదు. ఆస్పత్రిలో ఆయన మంచం పక్కనే ఉంటాను కాబట్టి ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. ప్రాణానికి భయం లేదు. కుడి కాలు విరిగింది, రాడ్డు వేశారు.

అమీర్‌పేటలో కొత్త నీళ్ల పైపు వేస్తున్నారు. ఎక్కడైనా కారుతుందేమో చూడటానికి రెండు కొసలూ మూసి, నీళ్లు నింపి, మోటారుతో ప్రెషర్ పెడతారు. అప్పుడు గుంతలో మనిషి ఉండకూడదు. సూపర్‌వైజర్ చక్రపాణి గారు తొందరపడి అందరూ ఎక్కకముందే మోటారు వేయించారు. మూత దగ్గర బుస్సుమందట. మీ అబ్బాయి "ఎక్కు మొగిలన్నా, ఎక్కు!" అని అరిచి, తోటి కూలీ మొగిలయ్యను పైకి తోశారు. తను ఎక్కేలోపే ఇనుప మూత ఊడి కాలికి తగిలింది. మొగిలయ్యకు గీరు కూడా పడలేదు. రోజూ వచ్చి, "గట్ల తోసినవేందిరా, నా ప్యాంటు చినిగింది, నువ్వే కుట్టియ్యాలె" అని నవ్విస్తూనే కళ్లు తుడుచుకుంటారు.

ఆస్పత్రి కాగితంలో మాత్రం నిజమే రాశారు. లేకపోతే పనిలో తగిలిన దెబ్బకు నష్టపరిహారం అడిగే హక్కే ఉండదని అక్కడి నర్సు చెప్పింది. నిన్న మళ్లీ ప్రెషర్ పెట్టే ముందు అందరినీ పైకి రప్పించి, తలలు లెక్కపెట్టి, ఆ తర్వాతే మోటారు వేశారట. మీ అబ్బాయిని చూస్తే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

మీ కోడలు,
మానస

మరో మాట: పైన ఒకటి దాచాను. "బండి మీద నుంచి పడ్డానని చెప్పవయ్యా, ఖర్చు నేను చూసుకుంటా, నీ పనీ నిలబడుతుంది" అని చక్రపాణి గారు చెవిలో చెబితే, మీ అబ్బాయి డాక్టరు దగ్గరా అలాగే అన్నారు. నేనే అడ్డం పోయాను. "బండి మీదికెళ్లి పడితే నడుందాక బురద ఎట్లయితది సార్? గుంతల పైపు మూత తగిలింది" అన్నాను. అందరి ముందూ ఆయన మాట కాదన్నానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ పొద్దున చక్రపాణి గారు కాగితం మార్పించమని వచ్చారు. మీ అబ్బాయి లేచి కూర్చుని, "మానస చెప్పిందే నిజం సార్. అబద్ధమాడింది నేను" అన్నారు. మీకూ తనే ఫోన్ చేసి చెప్తారట. అప్పటికి ఈ ఉత్తరం చేరినా, ఏమీ తెలియనట్టే వినండి అత్తమ్మా.