తలవైపు చోటు

మోసుల్, పడమటి ఒడ్డు
2017 నవంబరు 9, గురువారం

షహ్వాన్‌కు నీ బావ దన్నూన్ సలాములు. నీ మీద, నీ ఇంటి మీద దేవుడి చల్లని చూపు ఉండాలి. అత్తయ్య మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గిందని విన్నాను. చలి ముదరకముందే ఆవిడ గదిలోని కిరసనాయిలు పొయ్యి బాగుచేయించు.

మీ అక్క సుందుస్ చివరి రోజు ఎలా గడిచిందో నువ్వు అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ పొద్దున రొట్టె లేదు. సుందుస్ గోధుమ రవ్వ ఉడకబెట్టింది. ఉప్పు లేదని సణిగాను. రొట్టె దొరికిన రోజు ఉప్పు సంగతి చూద్దాంలే అంది. తింటుండగానే, ఊరిని చెరబట్టిన ఆ దాయిష్ వాళ్ళు ఇద్దరు తలుపు తన్ని లోపలికి వచ్చారు. మా మొహాలు కూడా చూడకుండా తుపాకులతో మేడెక్కారు. మా మేడ మీంచి ఏటవాలు సందు మొత్తం కనిపిస్తుందని నీకు తెలుసు. మీ సైన్యం వైపు పారిపోయేవాళ్ళకు అదొక్కటే దారి. కాసేపటికి సందులోకి కాల్చడం మొదలైంది. ఒక దెబ్బ, ఒక కేక, ఆ తర్వాత ఏమీ లేదు. మళ్ళీ ఒక దెబ్బ.

మేం నేలమాళిగలోకి దిగాం. పక్కింటి ఉమ్ రబీ, ఆవిడ అక్క హస్నా అప్పటికే అక్కడ ఉన్నారు. పాతబస్తీ వాళ్ళకు నేలమాళిగ మీద ఉన్న నమ్మకం ఇంకదేని మీదా లేదు. ఎండాకాలం చల్లదనానికీ అదే, యుద్ధంలో ప్రాణానికీ అదే. అంతకు ముందు వారమే దర్జీ అజీజ్ ఇంటి మీద విమానం బాంబు వేస్తే పై అంతస్తు మాత్రం పోయింది. కింద దాక్కున్నవాళ్ళంతా దుమ్ము దులుపుకుంటూ బయటికి వచ్చారు. మేడ పడగొట్టించాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను, కూలి ఖర్చు మిగిలింది అన్నాడు అజీజ్. మోసుల్ వాళ్ళను పిసినారులని ఊరికే అనరని అందరం నవ్వాం. సుందుస్ నవ్వలేదు. అజీజ్ నేలమాళిగ రాతి కమాను ఎక్కడైనా బీటలిచ్చిందా అని రెండుసార్లు అడిగింది.

మధ్యాహ్నం నీళ్ళు అయిపోయాయి. ఇళ్ళ మధ్య గోడలకు కొట్టిన కన్నాల గుండా మసీదు బావికి బయల్దేరాను. సుందుస్ నా చొక్కా గుండీ పెట్టింది. తోసుకోకు, వరుసలో చివర నిలబడు అంది. నీళ్ళ దగ్గర నన్నెప్పుడూ ముందుకు తోసే మనిషి.

విమానాల మోత పొద్దున్నుంచీ ఉంది. తలెత్తి చూడటం ఎప్పుడో మానేశాం. చేద పైకి లాగుతుండగా నేల అదిరింది.

తిరిగి వచ్చేసరికి ఇల్లు లేదు. నేలమాళిగ కమాను మధ్యకు చీలి ఆకాశం కనిపిస్తోంది. రాళ్ళు లాగడం మొదలుపెట్టాను. నా పక్కనుంచే జనం పిల్లల్ని ఎత్తుకుని సందులో దిగువకు పరుగెడుతున్నారు. ఒక్కరూ ఆగలేదు. వాళ్ళ మీద ఎవరూ కాల్చలేదు కూడా. ఉమ్ రబీ ప్రాణంతో దొరికింది. హస్నా, సుందుస్ దొరికారు. సుందుస్ మొహానికి ఏమీ కాలేదు.

వీధిని మీ సైన్యం విడిపించాక నువ్వు యూనిఫారంలోనే వచ్చావు. అందరి ముందూ నిలబడి, "గుర్తు తప్పింది బావా. వెనక ఇంటిని చెప్పబోయి ఈ ఇంటిని చెప్పాను. తప్పు నాదే" అన్నావు. నా గుమ్మం తొక్కకు అన్నాను. అప్పటికి నాకు గుమ్మం లేదు.

నీ పని ఎలా సాగుతుందో ఆ రోజే నీ నోటి నుంచి విన్నాను. బాంబు వేయాల్సిన ఇంటి గుర్తు నువ్వు పంపుతావు. ఎక్కడో ఒక గదిలో మిత్రదేశాల అధికారులు దాన్ని చూస్తారు. ఆ నిమిషాన మన నెత్తిన ఏ దేశపు విమానం ఉంటే పని దానికి పడుతుంది. దర్జీ ఇంటికి వచ్చినవాడి దగ్గర చిన్న బాంబు ఉంది. మా ఇంటికి వచ్చినవాడు మరో దేశంవాడు. వాడి దగ్గర పెద్దదే ఉంది.

ఏ దేశమో తెలుసుకోవాలని నేనూ తిరిగాను. కూటమి విమానం అని జవాబిచ్చారు. ఒక్కో దేశాన్నీ అడిగితే మాది కాదన్నారు. టీకొట్టు హమ్దూన్ నన్ను చూసి, "పెళ్ళింట్లో పళ్ళెం పగిలితే చుట్టాలందరి చేతులూ వెనక్కే ఉంటాయి, ఇంజనీరు గారూ. కూర్చోండి, టీ తాగండి" అన్నాడు. కూర్చున్నాను. మళ్ళీ ఎవరినీ అడగలేదు.

ఇన్నాళ్ళూ సుందుస్ ఉమ్ రబీ వాకిట్లో, నారింజ చెట్టు పక్కన ఉంది. రేపు శ్మశానానికి మార్చడానికి అనుమతి వచ్చింది. నీకు కబురు పంపితే, అక్కను మట్టిలో దించడానికి నా చేతులు పనికిరావు అని జవాబు పంపావు. గోతిలోకి దిగి ఆడమనిషిని అందుకోవలసింది భర్త, తోబుట్టువు. కాళ్ళవైపు ఒకరు, తలవైపు ఒకరు. మీ నాన్నగారు లేరు. మాకు కొడుకులు లేరు. పరాయివాళ్ళు ఆమెను పట్టుకోవడం నాకిష్టం లేదు. నీకూ ఉండదు.

గుమ్మం గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నీ బావ,
దన్నూన్

తా.క. ఈ ఉత్తరం తెచ్చింది ఉమ్ రబీ. లోపలికి పిలిచి కూర్చోబెట్టు. నిన్న నాకు చెప్పింది నీ ముందు మళ్ళీ చెబుతానంది. నేను నీళ్ళకు వెళ్ళగానే సుందుస్ రవ్వ సంచిలో దాచిన ఫోను తీసిందట. తుపాకులవాళ్ళు మా మేడ మీదే ఉన్నారని నీకు చెప్పిందట. మీరెక్కడున్నారని నువ్వు మొదట అడిగావు. అందరం వెళ్ళిపోయాం, ఇల్లు ఖాళీ అంది. నువ్వు ఒట్టు వేయమన్నావు. వేసింది.

ఉమ్ రబీ అన్న మాట ఇది: "ఆమె ఒక్కతే కాదు నాయనా. బయట ఆ కేకలు వినలేక ముగ్గురం అనుకున్నాం. అబద్ధం ముగ్గురిదీ, నోరు ఆమెది."

నీ గుర్తు తప్పలేదు, షహ్వాన్. హస్నా పిల్లలు మీ అక్కను తిట్టుకోకూడదని తప్పు నెత్తిన వేసుకున్నావు. ఈ సంగతి మన ముగ్గురి దగ్గరే ఉంటుంది.

రేపు ఉదయం నమాజు కాగానే నారింజ చెట్టు దగ్గర మట్టి తీస్తాను. శ్మశానంలో ముందు నేను దిగి కాళ్ళవైపు నిలబడతాను. తలవైపు ఎవరినీ దిగనివ్వను. నువ్వు వచ్చేదాకా అక్కడే ఉంటాను.